దేవమాత మా ఇంట్లో ఉన్న నాలుగు రోజులు

పుంగనూరు చర్చి తలుపుకు సెప్టెంబరు ఆఖరి ఆదివారం ఒక కాగితం అంటించేవాళ్లు. అక్టోబరు నెలలో దేవమాత స్వరూపం ఏ రోజు ఎవరింటికి పోవాలో అందులో రాసి ఉండేది. పూజ అయిపోగానే అందరూ దాని చుట్టూ మూగేవాళ్లు. నేను మాత్రం చెప్పులు కనబడనట్టు వెతుక్కుంటూ ఉండి, జనం పలచబడ్డాక పోయి చదివేదాన్ని. మొదటి ఏడు నా పేరు లేదు. రెండో ఏడూ లేదు. రెండుసార్లూ నాకేమీ పట్టనట్టు గొడుగు విప్పుకుని ఇంటికి వచ్చి, ఆ కోపమంతా చారుకు నానబెట్టిన చింతపండు మీద చూపించాను.

స్వరూపం అంటే రెండడుగుల బొమ్మ. బొమ్మ అన్నానని మా నాయన బతికుంటే వీపు చిట్లగొట్టేవాడు. విగ్రహం అన్నా ఒప్పుకునేవాడు కాదు. దేవుడి తల్లిది కాబట్టి స్వరూపం అనే అనాలి. నీలం అంచు తెల్లబట్ట, చేతిలో జపమాల, ఎడమచేతి చిటికెనవేలు విరిగి ఉంటుంది. ముందువైపు అద్దం ఉన్న చెక్కపెట్టెలో పెట్టి, జపమాల మాసం అని మేం పిలుచుకునే అక్టోబరులో ఇల్లిల్లూ తిప్పుతారు. ఆ సాయంకాలం సంఘమంతా ఆ ఇంటికి చేరి జపమాల చెప్పి, పాటలు పాడి, గుగ్గిళ్లు తిని పోతారు. ఒక్కో ఇంటికి రెండు రోజులు.

ఆ చిటికెనవేలు విరిగిన కథతో సహా మదనపల్లె విచారణ చరిత్ర మొత్తం మా నాయన నోట్లోనే ఉండేది. ఒక ఫాదరు చేతికింద ఉండే ఊళ్లన్నింటినీ కలిపి మా కతోలికులు విచారణ అంటారు. మా విచారణ కలికిరి మొదలుకొని పుంగనూరు, సోమల దాకా, ఊరికి రెండిళ్లు మూడిళ్లుగా చెదిరిపోయి ఉండేది. నాయన మదనపల్లె చర్చిలో ముప్పై ఏళ్ల పైన హార్మోనియం వాయించాడు. ఆదివారం మధ్యాహ్నం కడుపునిండా తిన్నాక చెప్పడం మొదలుపెట్టేవాడు. మొదటి పూజ ఒక చింతపండు గోడౌనులో జరిగిందట. తెల్లదొర ఫాదరు ఎంత సాంబ్రాణి వేసినా ఆ పులుపు వాసన పోలేదట. స్వరూపం కుప్పం స్టేషనులో రైలు దిగి, ఎండుగడ్డిలో చుట్టుకుని ఎద్దుల బండిలో పుంగనూరుకు వచ్చిందట. బండి కుదుపుకు వేలు విరిగితే ఆ ఫాదరు బండివాణ్ణి ఒక్క మాట అనకుండా, విరిగిన ముక్కను జేబులో వేసుకున్నాడట. ఇందులో ఎంత నిజమో నాకు తెలియదు. నాయన చెప్పే ప్రతిసారీ దారి ఇంకో నాలుగు మైళ్లు పెరిగేది.

ఆ ఫాదరే ఒక కట్టుబాటు పెట్టిపోయాడు. స్వరూపాన్ని ఎవరూ తమ ఇంటి నుంచి పంపించకూడదు. తర్వాతి ఇంటివాళ్లే వచ్చి, లోపల కూర్చుని, అడిగి తీసుకుపోవాలి. దీనికొక కారణం ఉంది. తొలినాళ్లలో మాటల్లేని కుటుంబాలు స్వరూపాన్ని పక్కింటి అరుగు మీద పెట్టి, తలుపైనా తట్టకుండా వెళ్లిపోయేవాళ్లట. అది తెలిసి ఆయన ఈ ఆజ్ఞ వేశాడు. తల్లిని ఎవరూ సాగనంపరు, కావలసినవాళ్లు వచ్చి పిలుచుకుపోతారు అన్నాడట. ఆ దెబ్బతో ఏడాదికి ఒకసారైనా ప్రతి ఇల్లూ ఇంకో ఇంటి గడప తొక్కాల్సి వచ్చింది. ఆయన పోయి ఎన్నో ఏళ్లయినా ఆ కట్టుబాటును ఎవరూ మీరలేదు.

నాయన పోయిన మరుసటి ఏడు నాకు పుంగనూరు ఆడపిల్లల హైస్కూలుకు బదిలీ అయింది. తొంభైల మధ్యమాట. అమ్మ అంతకు చాలా ముందే పోయింది. నాకు పెళ్లి కాలేదు. ఒకసారి కాబోయింది. మాలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో వధూవరుల పేర్లు చదివి, అభ్యంతరం ఉంటే చెప్పమంటారు. నా పేరు రెండు ఆదివారాలు చదివారు. మూడో ఆదివారం చదవలేదు. అభ్యంతరం పెళ్లికొడుకుకే వచ్చింది. ఆరోజు నాయన ఆఖరి పాట దాకా ఒక్క స్వరం తప్పకుండా వాయించాడు. నేను ఆడవాళ్ల వైపు మూడో వరుసలో కూర్చుని, నా వీపు మీద ఎన్ని కళ్లున్నాయో లెక్కపెట్టుకున్నాను. ఎవరినైనా ఏదైనా అడగడం అంటే నాకు గొంతు పెగలకపోవడం అప్పటి నుంచే. పైకి మాత్రం అది పొగరులాగే కనబడేది.

పుంగనూరులో చింతపండు వ్యాపారి ఇంటి మేడమీద రెండు గదులు తీసుకున్నాను. ఇంటావిడ మంచి మనిషి. ఒంటరి ఆడమనిషికి ఇల్లిచ్చినందుకు ఆమె అత్తగారు నెల రోజులు గొణిగిందని తర్వాత తెలిసింది. మా చర్చి రేకులు కప్పిన ఒక చిన్న హాలు. మదనపల్లె నుంచి ఫాదరు ఆదివారం విడిచి ఆదివారం స్కూటరు మీద వచ్చేవాడు. ఆయన రాని ఆదివారాల్లో ఉపదేశి ప్రార్థన నడిపించేవాడు. ఈ ఉపదేశి ఆస్పత్రిలో పనిచేసి రిటైరైన కాంపౌండరు. ప్రార్థన కూడా మందు మోతాదు చెప్పినట్టు నిదానంగా, ఒక్కో మాట నొక్కి చెప్పేవాడు. కుటుంబాలు పద్నాలుగు. మేస్త్రీలు, ఆర్టీసీ కండక్టరు, ఒక టైలరు, ఆస్పత్రి ఆయాలు, అలాంటివాళ్లం. నేను వచ్చాక పదిహేను ఇళ్లయ్యాయి. కానీ ఒక్క మనిషిని కుటుంబం అనాలా వద్దా అని ఎవరికీ తేలినట్టు లేదు.

మొదటి రెండేళ్లూ ప్రతి ఇంటికీ పోయాను. బైబిలు పాఠం చదవడానికి నన్నే పిలిచేవాళ్లు. తెలుగు టీచరును కాబట్టి నా ఉచ్చారణకు గిరాకీ ఉండేది. చదివి, గుగ్గిళ్లు తిని, వాళ్ల ఇంట్లో పిల్లలు కొట్లాడుకోవడం, మామ దగ్గడం, కోడలు గిన్నెలు సర్దడం అన్నీ చూసి, మేడ ఎక్కి తాళం తీసేదాన్ని. లోపల దీపం వేసేదాకా ఆ రెండు నిమిషాలు నాకు నచ్చేవి కావు. నాకు కావలసింది నిజానికి దేవమాత కాదు. ఈ మాట ఇప్పుడు చెప్పడానికి భయం లేదు. ఆమె వెనకాల వచ్చే పదిహేను ఇరవై జతల చెప్పులు నా గడప ముందు పడి ఉండాలని ఉండేది. ఆ కోరిక పుట్టాక మదనపల్లె చర్చిలో వీపు మీద పడ్డ చూపులు కూడా కొంచెం మరుపున పడ్డాయి.

ఆ సంఘంలో ఒంటరిగా ఉండే మనిషి నాకంటే ముందు ఇంకొకామె ఉంది. సోమల రోడ్డులో వంక దాటాక ఇటుక బట్టీల వెనక ఒకే గది ఇంట్లో ఉండేది. డెబ్బై ఏళ్లు ఉంటాయి. పుట్టింది కుప్పం దగ్గర. చిన్నప్పుడే మొగుణ్ణి పోగొట్టుకుని, చాలా ఏళ్లు మదనపల్లెలో ఫాదర్లకు వంట చేసి, ఒంట్లో ఓపిక తగ్గాక ఇక్కడికి చేరింది. మాతో తెలుగే మాట్లాడేది గానీ జపమాల మాత్రం చిన్నప్పుడు నేర్చుకున్న అరవంలోనే చెప్పేది. అందరం ఒక జపం ముగించి ఆగితే, ఆమె గొంతు ఒక్కటే ఇంకా నాలుగు మాటలు వెనకాల నడుస్తూ ఉండేది. టీచరును కదా, ఆ వెనకబాటు నా చెవికి ముల్లులా ఉండేది. ఒకటి రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను కూడా. ఆమె నా చూపు అర్థం కానట్టు నవ్వి, ముగించి, సిలువ గుర్తు వేసుకునేది.

సంఘంలో పాత మనిషి కాబట్టి జాబితాలో ఆమెకు ఎప్పుడూ రెండు రోజులు ఉండేవి. నాకు ఉండేవి కావు. దాని మీద కూడా నాకు లోపల కొంచెం మంట ఉండేదని ఒప్పుకుంటాను.

మూడో ఏడు చెప్పులు వెతికి వెతికి పోయి చూస్తే, టీచరమ్మ ఇల్లు అని రాసి ఉంది. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాను. ఒక్క రోజే. నా తర్వాత సోమల రోడ్డు అవ్వ, ఆమెకూ ఒక్క రోజే. మిగతా అందరికీ రెండేసి రోజులు. సంతోషంతో పాటు వెంటనే కోపం వచ్చింది. మొగుడూ పిల్లలూ లేని ఆడవాళ్లకు సగం చాలనుకున్నారు కాబోలు అనుకున్నాను. ఉపదేశిని అడుగుదామని రెండడుగులు వేసి, ఆ ఒక్కటి కూడా పోతుందేమోనని వెనక్కి తిరిగాను.

నా వంతు సోమవారం సాయంకాలం. కండక్టరు ఇంటికి పోయి, లోపల కూర్చుని, వాళ్లిచ్చిన కాఫీ తాగి, పద్ధతి ప్రకారం అడిగి స్వరూపాన్ని తెచ్చుకున్నాను. అప్పటికే రెండు శేర్ల అలసందలు ఉడకబెట్టి తాలింపు వేసి ఉంచాను. మా మెట్ల మీద చెప్పులు పట్టక కింద వ్యాపారి అరుగు మీద దాకా పోయాయి. మూలన ఉన్న బీరువా పక్కకు కూడా జనం సర్దుకుని కూర్చున్నారు. ఇంటావిడ కనకాంబరాల దండ తెచ్చి, బొట్టు పెట్టొచ్చా కూడదా అని నన్ను గుసగుసగా అడిగి, పూలు మాత్రం పెట్టి వెనక గోడకు ఆనుకుని కూర్చుంది. ఎవరో పసిబిడ్డ నా పరుపు తడిపాడు. వాళ్లమ్మ సిగ్గుపడిపోతుంటే పరవాలేదని నేను అన్న తీరుకు ఉపదేశి తలెత్తి చూశాడు. నా నోటి నుంచి ఆ మాట అంత మెత్తగా రావడం ఆయన ఎప్పుడూ విని ఉండడు. ఆ సాయంకాలం నేను చాలా సంతోషంగా ఉన్నాను. అవ్వ అరవం గొంతు వెనకబడినా తిరిగి చూడలేదు.

పోతూ పోతూ అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"రేపు పొద్దుగూకే లోపల వస్తానమ్మా, తల్లిని పిల్చకపోను. మా ఇంట్లో ఉలవ గుగ్గిళ్లు చేస్తాండాను, నువ్వూ రావల్ల" అంది.

వస్తానన్నాను. అందరూ పోయాక చాపలు చుట్టకుండా అట్లాగే వదిలేసి వాటి మధ్యలో పడుకున్నాను.

మంగళవారం మధ్యాహ్నం నుంచే ముసురు పట్టింది. స్కూలు నుంచి వచ్చి, స్వరూపం ముందు కొవ్వొత్తి వెలిగించి కూర్చున్నాను. పొద్దుగూకింది. అవ్వ రాలేదు. పడుతున్నది సన్నటి చినుకే. ఆమె ఇంటికి నడిస్తే ఇరవై నిమిషాలు. చినుకు పడితే మా సంఘం గడప దాటదు కాబట్టి, జపమాలకు ఎవరూ అటు పోయి ఉండరు. పెట్టె ఎత్తుకుని గొడుగు వేసుకుని నేనే పోవచ్చు. ఆ ఆలోచన వచ్చింది, రాలేదని అబద్ధం చెప్పను. వెంటనే కట్టుబాటు గుర్తుకొచ్చింది. పంపించకూడదు, వాళ్లే వచ్చి అడగాలి. పెద్దలు పెట్టింది నేనెందుకు తప్పాలి అనుకున్నాను. అంత చక్కగా నా కోరికకు సరిపోయిన కట్టుబాటు ఇంకొకటి ఉండదు.

బుధవారం కుండపోత. స్కూళ్లకు సెలవిచ్చారు. వంక పొంగిందని కింద కొట్టులో ఎవరో అంటుంటే విన్నాను. ఆ రోజు రూలు తప్పాలన్నా కుదిరేది కాదు. కాలు బయట పెట్టే పని లేకుండా, దేవమాత ముందు చాప వేసుకుని పరీక్ష పేపర్లు దిద్దాను. ఒక పిల్ల సంధి తప్పుగా విడదీస్తే అద్దం వైపు తిప్పి చూపించాను. రెండు కప్పులు కాఫీ కలిపి రెండూ నేనే తాగాను. మా నాయన గురించి, మూడో ఆదివారం గురించి, ఎవరికీ చెప్పని సంగతులన్నీ చెప్పాను. ఆ ఇంట్లో నా గొంతు నాకు అంతసేపు వినబడడం అదే మొదలు.

గురువారం మధ్యాహ్నానికి వాన తగ్గింది. సాయంకాలానికి వంకలో నీళ్లు మోకాలి లోతుకు దిగాయని, జనం దాటుతున్నారని ఇంటావిడ చెప్పింది. మీ దేవతను తీసుకుపోవడానికి ఇంకా ఎవరూ రాలేదే అని కూడా అడిగింది. వస్తారులే అన్నాను. అవ్వ ఎందుకు రాలేదో ఒక్కసారి కూడా నన్ను నేను అడగలేదు. అడిగితే లేచి పోవాల్సి వస్తుందని నాకు తెలుసు. ఇంకొక్క రోజు, ఇంకొక్క రోజు అనుకుంటూ కొత్త కొవ్వొత్తి వెలిగించాను.

శుక్రవారం ఎండ కాసింది. పొద్దున్నే టైలరు మెట్లెక్కి వచ్చాడు. జాబితాలో అవ్వ తర్వాతి వంతు అతనిది. వానలో రెండు రోజులు ఆలస్యమైందని, ఆమె దగ్గర స్వరూపం అడగడానికి పోయి, అటు నుంచి నేరుగా నా దగ్గరికి వస్తున్నాడు. మోకాళ్ల దాకా బురద. సాధారణంగా నన్ను చూస్తే చేతులు కట్టుకుని నిలబడే మనిషి.

"అవ్వ మంగళవారమే జారి పడిపోయింది టీచరమ్మా. లేవలేకుండా ఉండాది. తల్లి మీ ఇంట్లోనే ఉండాదని చెప్పింది. మీరు యాల పోలేదు?" అన్నాడు.

పెట్టె ఎత్తుకున్నాను. గొడుగు, కొవ్వొత్తి, పాట, పద్ధతి ఏమీ లేకుండా, చెప్పులు కూడా వేసుకోకుండా ఆ పెట్టెను కావలించుకుని వంక దాటాను. టైలరు నేను మోస్తానన్నా ఇవ్వలేదు.

అవ్వ ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది. గది ఊడ్చి, గోడవార ఒక స్టూలు మీద తెల్ల పంచె పరిచి పెట్టి ఉంది, స్వరూపం కోసం. దాని ముందు చాప. వాన జల్లు గడప దాటి వచ్చి చాప సగం తడిసి నల్లబడింది. మూలన మూత పెట్టిన గిన్నె నుంచి పులిసిన ఉలవల వాసన వస్తోంది. ఆమె నులకమంచం మీద, పండగలకు కట్టే గంధంరంగు చీరలోనే ఉంది. మంగళవారం సాయంకాలం మా ఇంటికని బయలుదేరి, వాకిట్లో బురదలో జారి, పాక్కుంటూ లోపలికి వచ్చింది. పక్కింటి బట్టీ పనివాళ్లు చూసి మంచం మీద పడుకోబెట్టి, మూడు పూటలు గంజి ఇచ్చారు. వంక పూర్తిగా తగ్గాక, ఎముకల కట్టుకు పేరున్న పుత్తూరు తీసుకుపోయి కట్టు కట్టిద్దామని వాళ్లలో వాళ్లు అనుకుంటున్నారు. ఎవరికి చెప్పాలో వాళ్లకు తెలియదు.

కబురు పంపకూడదా అని అడిగాను. తప్పు ఎదుటివాళ్ల మీదికి తోయడం నాకు అంత త్వరగా వస్తుంది.

"వానలో ఎవర్ని పంపేదమ్మా. నేను రాకపోతే నువ్వే తెస్తావనుకుంటి. తలుపు మూస్తే ఎవురూ లేరని ఎనక్కి పోతావేమోనని తీసే పెట్టించినాను" అంది.

మూడు రోజులు, ఆ వానలో. నేను మంచం పక్కన నేల మీద కూర్చుండిపోయాను. ఆమె నా తల మీద చెయ్యి వేసి, పెట్టె అద్దంలోకి చూసింది.

"నాలుగు దినాలు ఉండిందా మీ ఇంట్లో? పోనీలే. నీకు తోడు ఉండింది" అంది.

అందులో ఎత్తిపొడుపు ఉంటే బాగుండేది. వెతికాను, లేదు. స్వరూపాన్ని ఆ స్టూలు మీద పెట్టి ఈ రోజంతా ఇక్కడే ఉంచుదామని టైలరుతో అన్నాను. అతను సరేనన్నాడు. అవ్వే ఒప్పుకోలేదు. నా దినం అయిపాయ, ఆయప్ప పిల్లోళ్లు ఎదురుసూస్తా ఉంటారు, తీసకపోండి అంది. అద్దానికి పెదవులు ఆనించి, అరవంలో ఒక్క జపం చెప్పింది. ఈసారి ముందు పోవడానికి ఎవరూ లేరు. ఆమె ముగించేదాకా నేనూ టైలరూ ఊరకే నిలబడ్డాం.

మదనపల్లె పెద్దాస్పత్రిలో చేర్చాం. తుంటి ఎముక. ఆ వయసులో అతకదన్నారు. శని, ఆదివారాలు బస్సెక్కి పోయి ఆమె దగ్గర కూర్చునేదాన్ని. పుంగనూరు సంఘం కబుర్లన్నీ అడిగి చెప్పించుకునేది, ఆ నాలుగు రోజుల మాట మాత్రం ఎన్నడూ ఎత్తలేదు. క్రిస్మసుకు పది రోజుల ముందు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి పోయింది. ఫాదరు వచ్చి అవస్థ, అంటే చావు ముందు పెట్టే తైలం, పూసేటప్పటికి స్పృహ ఉందట. నేను అప్పుడు పుంగనూరులో పిల్లలకు పద్యం వల్లె వేయిస్తున్నాను.

సమాధి దగ్గర మట్టి వేశాక ఉపదేశి, నేను చింతచెట్టు కింద నిలబడ్డాం. అంతవరకూ కడుపులో పెట్టుకున్నది అక్కడ అడిగేశాను. వచ్చే ఏడు ఆమె ఒక్క రోజు ఎవరికి ఇస్తారు, అయినా ఒంటరి ఆడవాళ్లమని మా ఇద్దరికీ ఒక్కో రోజే రాయడం న్యాయమేనా అని. దుఃఖంలో కూడా నా కోపం నా ముక్కు వదిలి పోలేదు. ఆయన చేతికంటిన మట్టి దులుపుకుని నా వైపు తిరిగాడు.

"ఆయమ్మకు ఎప్పుడూ రెండు దినాలే కదమ్మా. ఈసారి ఆయమ్మే వచ్చి, నా దాంట్లో ఒక దినం టీచరమ్మకు ఇయ్యండప్పా, ఒంటిగా ఉండే మనిషి, ఆ ఇంటికి ఎవురూ పోరు అనింది" అన్నాడు.

అంతకు ముందు రెండేళ్లు నా పేరు ఎందుకు రాయలేదని అడిగాను. మీరు అడగలేదు, ఇష్టం లేదేమో అనుకున్నాం, మిమ్మల్ని అడగాలంటే మాకు భయం అన్నాడు. నేను నవ్వానో ఏడ్చానో నాకు గుర్తు లేదు. అంటే జాబితాలో నాకు దొరికిన రోజు ఆమెది. మిగిలిన ఆ ఒక్క రోజునూ నేను దాచుకున్నాను.

ఈస్టరు ముందు వచ్చే తపస్సు కాలంలో మదనపల్లె పోయి, ఫాదరు దగ్గర తప్పు ఒప్పుకుని పాపసంకీర్తనం చేశాను. మధ్యలో అడ్డుగా ఉండే చిల్లుల చెక్క తెర వెనక నుంచి ఆయన కేరళ తెలుగులో, ఇందులో పాపం ఎక్కడుందమ్మా, నువ్వు నియమం పాటించావు కదా అన్నాడు. ఆయనకు అర్థమయ్యేట్టు చెప్పడం నా వల్ల కాలేదు. నలభై మంది పిల్లలకు వ్యాకరణం చెప్పే నోరు అక్కడ పనికిరాలేదు. మూడు మంగళవార్త జపాలు చెప్పమని పంపించాడు. మూడూ చెప్పాను. ఏమీ తగ్గలేదు.

పుంగనూరులో ఇంకో ఆరేళ్లు ఉన్నాను. నాకు రెండు రోజులు రాసేవాళ్లు. జనం వచ్చేవాళ్లు, మెట్లనిండా చెప్పులు ఉండేవి. నేను కోరుకున్నదంతా జరిగింది. కానీ గుగ్గిళ్లు పంచుతూ వాకిలి వైపే చూసేదాన్ని, ఎవరు రాలేదా అని.

తర్వాత కుప్పం బదిలీ చేశారు. అక్కడి విచారణలో సగం మందికి పైగా అరవంవాళ్లే. మొదటి సాయంకాలం జపమాలకు కూర్చుని తెలుగులో మొదలుపెట్టాను. చుట్టూ వందమంది ఒక్క గొంతుతో అవ్వ జపం చెబుతున్నారు. అవే మాటలు, అదే లాగుడు. పుంగనూరులో ఒక్కతే వెనకాల నడిచిన ఆ మాటలు ఇక్కడ ముందు పోతున్నాయి. వాళ్లంతా ముగించి ఆగాక, హాలులో నా తెలుగు ఒక్కటే ఇంకా నాలుగు మాటలు మిగిలిపోయింది. ముందు వరుసలో ఒక చిన్నపిల్ల వెనక్కి తిరిగి చూసింది. నేను నవ్వి, ముగించి, సిలువ గుర్తు వేసుకున్నాను.

అక్కడా అక్టోబరులో స్వరూపం ఇల్లిల్లూ తిరుగుతుంది. కానీ అడిగి తీసుకుపోవాలనే కట్టుబాటు లేదు. ఎవరింట్లో ఉంటే వాళ్లే మోసుకుపోయి తర్వాతి ఇంట్లో దిగబెట్టి రావాలి. ఇంత తేలికైన పద్ధతి మా వైపు ఎవరికీ తట్టలేదే అని మొదటి ఏడు ఇంటికి వచ్చి బాగా ఏడ్చాను. నా గడువు తీరే రోజు మధ్యాహ్నం మూడు గంటలకే ఆటో పిలిచి, పెట్టె ఒళ్లో పెట్టుకుని పోతాను. ఇంత పెందలాడే వచ్చేశారేమని, ఇల్లు కూడా ఊడవలేదని వాళ్లు విసుక్కుంటారు. పడతాను.

ప్రతి సెప్టెంబరులోనూ జాబితా రాసే సంఘ పెద్ద దగ్గరికి నేనే పోతాను. రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి, బల్ల మీద కాగితం పరిచి, గీతలు కొట్టి సిద్ధంగా ఉంటాడు. నా రెండు రోజుల్లో ఒకటి వేరేవాళ్లకు ఇవ్వమని చెబుతాను. ఎవరికి అని అడుగుతాడు. ఎవరైనా సరే, ఒంటరిగా ఉండేవాళ్లకు అంటాను. మొన్నటి ఏడు ఆయన కలం ఆపి, నిజంగానే ఒక్కో వీధీ తలచుకున్నాడు. రైలు కట్ట అవతల ఇళ్లు, రాళ్ల క్వారీ దగ్గర ఇళ్లు, బజారు వెనక ఇళ్లు, అన్నీ వేళ్ల మీద ఎంచుకుంటూ పోయాడు.

"అట్ల ఒంటిగా ఉండేది మన విచారణలో మీరొకరే కదా టీచరమ్మా" అని, రెండు రోజులూ నా పేరు మీదే రాసుకున్నాడు.